ఇప్పుడు చెప్పండి



కిందటి మాఘమాసంలో మా అన్నయ్య మనవరాలికి వీణ కొందామని గొల్లపల్లి వెళ్ళాం. మా బొబ్బిలికి దగ్గర్లోనే ఉంటుంది ఆ ఊరు. బొబ్బిలి వీణ అని మీరు వినే వీణలు తయారయ్యేది అక్కడే. సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు తరతరాలుగా ఆ పని చేస్తున్నారు. పనస దుంగ ఒక్కటి తీసుకొని, కుండనీ దండినీ అతుకు లేకుండా అందులోంచే తొలుస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. మేం వెళ్ళిన ఇంటి అరుగు నిండా పసుపుపచ్చటి చెక్కపొట్టు పరుచుకొని ఉంది. కాలు పెడితే మెత్తగా దిగుతోంది.

అరుగు చివర అరవై దాటిన ఒకాయన మేళం కడుతున్నారు. మైనంలో బొగ్గుపొడి కలిపి, దండికి రెండు పక్కలా గట్టులా పేర్చి, ఆ గట్ల మీద 24 మెట్లు కూర్చాలి. ఏ మెట్టు ఎక్కడ కూర్చోవాలో చివరికి తేల్చేది చెవే. ఆయన మెట్టు పెట్టి, తీగ మీటి, తల పక్కకు వంచి వింటున్నారు. నువ్వుగింజంత జరిపి మళ్ళీ మీటుతున్నారు. మళ్ళీ వింటున్నారు.

మా అన్నయ్యకు తొందరెక్కువ. "ఏమండీ, వీణ ఎంతవుతుంది?" అని గుమ్మంలోంచే అడిగాడు. ఆయన తల ఎత్తలేదు. ఎడమచేతి వేలు ఒకటి పైకెత్తి చూపించారు. విసుగ్గా కాదు, కాస్త ఉండమన్నట్టు. ఆ మెట్టు కుదిరేదాకా మేం నిలబడే ఉన్నాం. కుదిరింది. అప్పుడాయన చేతిలో పనిముట్టు కింద పెట్టి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకొని, ఒళ్ళంతా మా వైపు తిప్పి కూర్చొని, "కూకోండమ్మా. ఇప్పుడు సెప్పండి" అన్నారు.

ఆ తర్వాత అరగంటసేపు ఆయన పనిముట్టు ముట్టుకోలేదు. లోపల్నుంచి కుర్రవాడు రెండుసార్లు పిలిచాడు. "వచ్చినోళ్ళతో మాటాడతన్నాను" అన్నారే గాని లేవలేదు. మా మనవరాలికి పదకొండేళ్ళు. దాని వేళ్ళు చూశారు. ఒళ్ళో వీణ ఎలా పెట్టుకుంటావో కూర్చొని చూపించమన్నారు. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు, ఏ కీర్తన వచ్చు అని దాన్నే అడిగారు, మమ్మల్ని కాదు. మా ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగితే అది తల వంచుకొని తల్లి కొంగు వెనక్కి పోతుంది. అక్కడ మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ వేలే కళ్ళలో మెదిలింది. మెట్టు వింటున్నప్పుడు ఆయన మమ్మల్ని వినలేదు. మమ్మల్ని వింటున్నప్పుడు మెట్టు ముట్టలేదు. రెండూ ఒకేసారి చేయగలనని ఆయన అనుకోలేదు.

నేను మాత్రం చేయగలననుకున్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పంతులమ్మగా పనిచేశాను. ఏ ఊళ్ళో, ఏ బడిలో అన్నది ఇక్కడ అక్కర్లేదు. తప్పు నాదే. మా ప్రాంతం సంగతి మీకు తెలుసు. సంక్రాంతి వెళ్ళగానే ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. ఇటుక బట్టీలకని, ఇళ్ళ కట్టుబడి పనులకని, సంచులు, గిన్నెలు సర్దుకొని జనం రైలెక్కుతారు. అలాంటి రోజుల్లో ఒకనాడు నా బల్ల మీద పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఏడో తరగతి పిల్లవాడొకడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "టీచరండి, మా అయ్యోళ్ళు పనికెల్తన్నారండి" అన్నాడు. ఎర్రకలం ఆపకుండా "ఊఁ" అన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చి ఏదో చెప్పాడు. "సరేరా, వెళ్ళి కూర్చో" అన్నాను. మూడోరోజు కూడా వచ్చాడు. "చెప్పరా నాన్నా, వింటున్నాను" అన్నాను. నాన్నా అన్నాను, వింటున్నాను అన్నాను. కళ్ళు మాత్రం పేపర్ల మీదే ఉన్నాయి. వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నాలుగో రోజు వాడి చోటు ఖాళీ.

మళ్ళీ జూన్‌లో కనబడ్డాడు. చిక్కిపోయాడు. అరచేతులు పగిలి, ఆ పగుళ్ళలో ఎర్రమట్టి దిగి ఉంది. నా మనసు చివుక్కుమంది. "వెళ్తున్నట్టు ఒక్క మాట చెప్పి ఉంటే హాస్టల్లో సీటు ఇప్పించేదాన్ని కదరా" అన్నాను. నిజంగానే ఇప్పించగలను. వార్డెను గారు నాకు తెలిసినవారే. వాడు నా మొహంలోకి చూసి, "సెప్పాను కదండి టీచరండి" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. "మూడు రోజులు సెప్పాను."

నేను పిల్లల్ని కొట్టే టీచర్ని కాదు. కసురుకునేదాన్ని కూడా కాదు. మా బడిలో నాకు మెత్తని మనిషినని పేరు. ఆ పేరు చూసుకొని నేను చాలాకాలం నిశ్చింతగా ఉన్నాను. మెత్తగా మాట్లాడితే మంచిగా మాట్లాడినట్టేననుకున్నాను. ఆ పిల్లవాడి చదువులో పోయిన నెలలు నా మెత్తని మాటల మధ్యే పోయాయి.

ఇది తలుచుకున్నప్పుడల్లా ఇక్కడికి దగ్గర్లోనే బతికిన ఇంకో గురువు గుర్తొస్తారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు. బొబ్బిలి నుంచి చీలే రైలుదారి సాలూరులో ఆగిపోతుంది. ఆ సాలూరు పేరుతోనే ఆయన్ని సాలూరి చిన్న గురువుగారనేవారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పేవారు. 1919లో మొదలైన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ద్వారం వారి కాలంలో, 1930ల్లో, కృష్ణాజిల్లా నుంచి ఒక కుర్రవాడు సంగీతం నేర్చుకుంటానని విజయనగరం వచ్చాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. చేతిలో డబ్బు లేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. ఘంటసాల వెంకటేశ్వరరావు అతని పేరు.

చిన్న గురువుగారిది అంతంత మాత్రపు సంసారం. పూటపూటా అన్నం పెట్టే స్తోమత లేదు. కాని కుర్రవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని ఉచితంగా పాఠం చెప్పారు. భోజనానికి ఘంటసాల జోలె పట్టుకొని మధుకరానికి వెళ్ళేవాడు. మధుకరమంటే తేనెటీగ పువ్వు పువ్వుకీ వెళ్ళినట్టు ఇంటింటికీ వెళ్ళి అడిగి తెచ్చుకోవడం. పదిహేనేళ్ళ వయసులో పరాయి గుమ్మంలో నిలబడి అన్నం అడగడం ఎలా ఉంటుందో ఊహించండి. "ఇవాళ కాస్త ఆలస్యమైందేం నాయనా" అనే గొంతుతో పడిన ముద్ద ఒకటి. మొహం వైపు చూడకుండా పెట్టిన ముద్ద ఇంకొకటి. జోలెలో రెండూ కలిసిపోతాయి, మనసులో కలవవు. పెద్ద గాయకుడయ్యాక కూడా ఆ తల్లుల్ని, ఆ గురువుగారినీ ఘంటసాల మర్చిపోలేదు. గురువుగారు డబ్బు ఇవ్వలేదు, ఇవ్వడానికి లేదు కూడా. తన పొద్దు ఇచ్చారు. ఎదురుగా కూర్చొని విన్నారు. నా దగ్గరకు మూడు రోజులు వచ్చిన పిల్లవాడు అడిగింది అంతకంటే చాలా తక్కువ.

మా వైపు పల్లెల్లో ఎవరింటికైనా వెళ్తే మొదట వినబడే మాట "కూకో". బాగున్నావా అన్నది తర్వాత. ముందు కూకో. పీట వాల్చో, చాప పరిచో, నులక మంచం మీది బట్టలు పక్కకు నెట్టో చోటు చేస్తారు. మా నాయనమ్మ అయితే నోరు చాలా కరుకు. మనవలం గుమ్మంలో కనబడితే చాలు, "ఓరి సచ్చినోడా, ఇప్పుడా గుర్తొచ్చింది ముసిల్ది? కూకో. తిన్నావేటి?" అని మొదలెట్టేది. తిట్టు, పిలుపు, అన్నం అన్నీ ఒక్క ఊపిరిలో. కాని చేతిలో చేట కింద పెట్టేది. బియ్యంలో రాళ్ళు అలాగే ఉండిపోయేవి. మేం లేచేదాకా ఆ చేట జోలికి పోయేది కాదు.

అలాగని కరుకు నోరు మంచిదని చెప్పబోవడం లేదు. మా నాయనమ్మ తిట్టు మాకు తగలలేదు, ఆ తిట్టు వెనక మనిషి మొత్తం మా వైపు తిరిగి కూర్చుంది కనుక. అదే తిట్టు కోడళ్ళకు తగిలింది. మా అమ్మ ఆ మాటల్ని ముప్పయ్యేళ్ళ తర్వాత కూడా తేదీలతో సహా చెప్పేది. నువ్వెందుకూ పనికిరావు, పక్కింటి వాణ్ణి చూడు అని మనం పిల్లల్ని అనేస్తాం. కోపం గంటలో పోతుంది. అన్నవాళ్ళకు పోతుంది. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా.

ఇక బొబ్బిలి వాణ్ణి మాట్లాడమంటే యుద్ధం దగ్గరికి రాకుండా ఉండడు. నేనూ వస్తాను. 1757 జనవరి 24న మా కోట కూలింది. బుర్రకథల్లో, జంగం కథల్లో వీరం గురించి మీరు చాలా విని ఉంటారు. తాండ్ర పాపారాయుడి పేరు తెలియని ఇల్లు లేదు. కోటలో ఆడవాళ్ళు, పసిపిల్లలు ఎలా పోయారో చెప్పే చోటికి వచ్చేసరికి ఇప్పటికీ మా ఊళ్ళో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నేను యుద్ధానికి ముందు రోజుల గురించి ఎక్కువ ఆలోచిస్తాను. విజయనగరం విజయరామరాజుకీ, బొబ్బిలి రంగారావుకీ పక్కపక్క రాజ్యాలు. పాత కక్షలు, నీటి తగాదాలు ఉండేవి. ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చినప్పుడు విజయరామరాజు వెళ్ళి కలిశాడు, రంగారావు వెళ్ళలేదు. ఆ తర్వాత బుస్సీ మాట బొబ్బిలికి రావాలన్నా, బొబ్బిలి మాట బుస్సీకి చేరాలన్నా మధ్యన మాట మోసే దుబాసీలే. బుస్సీ దివాను హైదరుజంగు చేతుల్లో మాట దారి తప్పిందనే మన పాటకారులు చెప్పుకొచ్చారు. బుస్సీ, ఆ ఇద్దరు రాజులూ ఒక్క చాప మీద ఎదురెదురుగా కూర్చొని ఉంటే యుద్ధం ఆగేదని నేననను. అంత సులువు కాదు రాజ్యాల సంగతి. కాని పంపిన మాట ఒకటి, అందిన మాట ఒకటి అయితే ఏమవుతుందో మా ఊరికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు.

ఇళ్ళల్లోనూ దుబాసీలుంటారు. మా ఇంట్లో ఎనిమిదేళ్ళ దుబాసీ ఉండేది, మా అమ్మాయి. ఒకసారి ఊళ్ళో స్థలం అమ్మే విషయంలో మా వారికీ నాకూ మాట పడింది. పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. "కాఫీ తాగుతారేమో మీ నాన్ననడుగు." "అక్కర్లేదని మీ అమ్మకు చెప్పు." పిల్ల వంటింటికీ వసారాకీ తిరుగుతూ ఉండేది. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, అది మా మాటలు మార్చేసేది. ఆయన అక్కర్లేదంటే నా దగ్గరకొచ్చి "తాగుతారట, పంచదార తక్కువ వెయ్యమన్నారు" అనేది. నేను విసుక్కుంటే అక్కడికెళ్ళి "అమ్మ పెడుతోంది" అనేది. పన్నెండో రోజు సెలవులకని మా పుట్టింటివాళ్ళు వచ్చి పిల్లను తీసుకెళ్ళారు. ఇంట్లో మాట మోసే మనిషి లేదు. రాత్రి ఎనిమిదింటికి మా వారు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, పీట లాక్కొని కూర్చొని, "ఆకలేస్తోంది" అన్నారు. అంతే అన్నారు. నేను గరిటె పక్కన పెట్టి ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. పన్నెండు రోజుల మాట ఆ రాత్రి ఒంటిగంట దాకా సాగింది. స్థలం సంగతి చివర్లో వచ్చింది, రెండు నిమిషాల్లో తేలిపోయింది.

మా అమ్మాయి పెద్దదయ్యాక ఒకరోజు అన్న మాట మీకు చెప్పాలి. "ఆ రోజుల్లో నాకు రోజూ పొద్దున్న కడుపులో నొప్పొచ్చేది అమ్మా. రాత్రి మీరిద్దరూ ఏమైనా మాట్లాడుకున్నారేమో, నేను మార్చి చెప్పింది బయటపడుతుందేమోనని." నాకు అది గుర్తుంది. వాము నీళ్ళు పట్టించాను. నొప్పి ఎందుకొస్తోందని దాని పక్కన కూర్చొని అడగలేదు. పిల్లల చేత మాటలు మోయించకండి. ఇంట్లో కోపాలొస్తాయి, రాకుండా ఉండవు. కోపం ఉన్నా సరే, చెప్పేది ఆ మనిషికే చెప్పండి, ఆ మనిషి మొహం చూస్తూ చెప్పండి. మొహం చూస్తూ అనబోతే నోటిదాకా వచ్చిన మాటల్లో సగం వెనక్కిపోతాయి.

ఇప్పటి దుబాసీ చేతిలో ఫోను. దాని మీద నాకు కోపం లేదు. మా వైపు ఊళ్ళల్లో కొడుకులు హైదరాబాదులోనో, చెన్నపట్నంలోనో, బెంగుళూరులోనో ఉంటారు. ముసలివాళ్ళు ఇక్కడ ఉంటారు. ఫోను లేకపోతే ఆ గొంతు కూడా వినబడదు. మా వీధిలో ఒక పెద్దాయన సాయంత్రం ఆరింటి నుంచీ ఫోను ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చుంటారు. మోగుతుంది. "తిన్నావా అయ్యా?" "ఆఁ తిన్నాను. నువ్వు తిన్నావా?" "తిన్నాను." "సరే ఉంటా మరి." ఆయన ఫోను చెవి దగ్గరే ఇంకాసేపు ఉంచుకుంటారు. అవతల పెట్టేశారని తెలుసు. అయినా ఉంచుకుంటారు.

మా అబ్బాయీ అలాగే చేసేవాడు. ఆఫీసు నుంచి ఇంటికొస్తూ బండి నడుపుతూ చేసేవాడు. హారన్లు, గాలి, మధ్యలో "ఆఁ అమ్మా, చెప్పు అమ్మా". నేను ఏదైనా చెప్తే "అలాగా" అనేవాడు. మా ఇంటి నుయ్యి ఎండిపోయిందని చెప్పినా అలాగానే, చెల్లికి పాప పుట్టిందని చెప్పినా అలాగానే. ఆ "అలాగా"లో నాకు నా "ఊఁ" వినబడింది. వాడి మీద కోపం రాలేదు. నేను నేర్పిందే. గొల్లపల్లి వెళ్ళొచ్చాక ఒకరోజు వాడితో అన్నాను: "రోజూ వద్దురా. వారానికొక్కసారి చెయ్యి, మూడు నిమిషాలు చాలు. ఎక్కడైనా కూకొని చెయ్యి." కూకొని అన్నాను, మా నాయనమ్మ లాగానే. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ ఆదివారం పొద్దున్న ఫోను మోగింది. ముందు హలో వినబడలేదు. నేల మీద కుర్చీ లాగిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత, "ఇప్పుడు చెప్పమ్మా."

ఇప్పుడు ప్రతి ఆదివారం నేను ఆ కుర్చీ చప్పుడు కోసమే ఫోనెత్తుతాను.

నా చిన్నప్పుడు మా తాతగారింట్లో రేడియో ఉండేది. 1963లో విశాఖపట్నం కేంద్రం మొదలైన తర్వాత మా వైపు కూడా గొంతు స్పష్టంగా వినబడేదని చెప్పేవారు. వార్తల వేళకు వీధిలో సగం మంది మా అరుగు మీదే. పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకొని దూరంగా తీసుకెళ్ళేవారు. ఎవరైనా నోరు విప్పబోతే తాతగారు చెయ్యి ఎత్తేవారు. కళ్ళకు కనబడని మనిషి ఎక్కడో కూర్చొని మాట్లాడుతుంటే ఊరంతా ఊపిరి బిగబట్టి వినేది. పక్కనే కూర్చొన్న నాయనమ్మ ఏదో చెప్పబోయి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఈ పదిహేను నిమిషాల్లో మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఏదో చెప్పబోయి, మీరు వింటున్నారని ఆగి ఉంటారు. గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు. నా ప్రసంగం ఇక్కడితో సరి. రేడియో కట్టేసి వాళ్ళను కూర్చోమనండి.